అలెగ్జాండరు వెండి, నా నోటి దురుసు

ఈమధ్య ఒక అమ్మాయి కొత్తపేటలో మా ఇంటికి వచ్చింది. పురావస్తు శాఖలో కొత్తగా ఉద్యోగం వచ్చిందట, నాణేల విభాగంలో వేశారట. "ముందు ఏం చదవమంటారండీ?" అని అడిగింది. నాలుగు పుస్తకాల పేర్లు చెప్పాను. రాసుకుని, కాఫీ తాగి, దండం పెట్టి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి వీధి మలుపు తిరిగాక నాకు తట్టింది. ఆ నాలుగు పుస్తకాలూ క్షుణ్ణంగా చదివిన మనిషే మా శాఖలో నాకు తెలిసిన అతి పెద్ద తప్పు చేశాడు. ఆ మనిషిని నేనే.

పుస్తకాల పేర్లు ఎవరైనా చెబుతారు. ఆ తప్పు సంగతి మాత్రం నేనే చెప్పాలి. అందుకే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు ఎప్పుడెప్పుడు వచ్చాయో ఇందులో ఉండదు. అవి నా పనితనం వల్ల రాలేదు, పైవాళ్ళు రిటైరవడం వల్ల వచ్చాయి.

చచ్చిపోయినవాడి పేరు మీద

మ్యూజియంలో నా గదిలో ఒక ఇనప బీరువా ఉండేది. మూడో సొరుగులో పదిహేడు గ్రీకు వెండి నాణేలు. వెనకటికి ఎవరో జమీందారు సరదా కొద్దీ పోగుచేస్తే, ఆ సరదా లేని వారసులు మ్యూజియానికి ఇచ్చేసి చేతులు దులుపుకున్నారు. గోదావరి జిల్లాల మట్టిలో గ్రీకు నాణెం దొరకగా నా సర్వీసులో నేను ఒక్కసారీ చూడలేదు. దొరికిందని చెప్పినవాళ్ళను మాత్రం చాలామందిని చూశాను.

ఆ నాణేల కథ తెలియకపోతే తరవాతి సంగతి అర్థం కాదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అలెగ్జాండరు ఒక వెండి నాణెం వేయించాడు. ఒకవైపు సింహం తోలు నెత్తిన కప్పుకున్న హెరాక్లిస్ అనే వీరుడి తల. రెండోవైపు పీఠం మీద కూర్చున్న గడ్డం దేవుడు జ్యూస్, చేతి మీద గద్ద, పక్కన నిలువుగా అలెగ్జాండరు పేరు. అతను పోయాక సేనాపతులు రాజ్యాన్ని ముక్కలు చేసుకుని ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు గానీ, డబ్బు దగ్గర మాత్రం అందరూ బుద్ధిగా ఉన్నారు. వర్తకులు నమ్మింది ఆ బొమ్మనే. అందుకని అతను పోయి వందేళ్ళు దాటినా అదే పేరు, అదే బొమ్మ, ఊరూరా ముద్రించారు. పోయిన నాయకుడి బొమ్మ పెట్టుకుని పబ్బం గడుపుకోవడం మనవాళ్ళు కనిపెట్టిన విద్యేమీ కాదు.

ఈ పని నాకు నేర్పింది రంగనాథం గారు, నా మొదటి అధికారి. మనిషి పొట్టి, మాట అంతకంటే పొట్టి. నేను చేరిన మొదటి ఆర్నెల్లు నన్ను ఏ నాణెం మీదా అభిప్రాయం చెప్పనివ్వలేదు. ఏది చేతికొచ్చినా ముందు తూచాలి. తరవాత భూతద్దం కింద అంచు తిప్పి చూడాలి. ఆ తరవాత సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం నాణెం మీద పరిచి, గోటితో నెమ్మదిగా నొక్కి, రెండు వైపులా అచ్చు తీసి పుస్తకంలో అతికించాలి. ఈ మూడూ అయ్యాకే నోరు తెరవాలి. ఆయన సిగరెట్టు కాల్చేవారు కారు. ఆ కాగితం కోసం పక్క గది గుమస్తా చేత కాల్పించేవారు.

నేను ఒకసారి అడిగాను, "చూడగానే తెలిసిపోయే వాటికి కూడా ఇదంతా ఎందుకండీ?" అని.

"చూడగానే తెలిసిపోయిందని నీకెలా తెలిసింది?" అన్నారు. అంతే, మళ్ళీ తన పనిలో పడిపోయారు.

ఆయన రిటైరైన పదేళ్ళకు నేను కూడా నిపుణుణ్ణి అయిపోయాను. నిపుణుడంటే ఎవరో ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యని మనిషి.

ముప్పై ఒక్క సింహాలు

మండపేటలో రైసు మిల్లు ఉన్న వెంకటరత్నం గారు ఒకరోజు మా మ్యూజియానికి కారులో వచ్చారు. చేతిలో ఎర్ర మఖమలు పెట్టె. ఆయన పక్కన మా డైరెక్టరు గారు, చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నంత వినయంగా. ఈ డైరెక్టరు గారు అంతకు మునుపు మత్స్యశాఖలో ఉండేవారు. రొయ్యల సంగతి బాగా తెలిసిన మనిషి. మా శాఖకు వచ్చి ఎనిమిది నెలలైనా రాగినీ ఇత్తడినీ కలిపి "పాత సామాను" అనేవారు.

పెట్టె తెరిస్తే ముప్పై ఒక్క అలెగ్జాండరు నాణేలు. ధగధగ మెరుస్తున్నాయి.

"తాతల నాటివా అండీ?" అన్నాను.

"కాదండీ. ఒక స్వామీజీ ఇప్పించేరు. అలెగ్జాండరు మన దేశం వచ్చినప్పుడు గురువుగారికి దక్షిణ ఇచ్చేడంట. వాటికి శక్తి ఉందండి. బియ్యాన్ని లాగుతాయి."

"ఏం చేస్తాయి?"

"లాగుతాయండీ! బియ్యం గింజలు వాటంతట అవే నాణెం దగ్గరికి నడిచొస్తాయి. నా కళ్ళతో నేను చూసేను."

పొద్దున్న లేస్తే లారీలకొద్దీ ధాన్యం ఆడించే మనిషి. బియ్యం ఎటు నడుస్తుందో, ఎవరు నడిపిస్తే నడుస్తుందో ఆయన కంటే బాగా తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఉండడు. ఆయనే ఈ మాట అంటున్నాడు. జేబులోంచి ఒక చిన్న సీసా తీసి, స్వామీజీ ఇచ్చిన గింజలు బల్ల మీద పోశారు. నాణెం దగ్గరకు తెచ్చారు. నిజమే, గింజలు కదిలాయి. డైరెక్టరు గారు "అబ్బ" అన్నారు.

నేను భూతద్దం తీశాను. హెరాక్లిస్ కప్పుకున్న సింహం తోలుకు చెవి ఉంటుంది. మొదటి నాణెంలో ఆ చెవి మీద చిన్న గాటు ఉంది. రెండోదాంట్లోనూ ఉంది, అక్కడే, అంతే పొడుగు. ముప్పై ఒక్క సింహాలకూ ఒకే చెవి మీద ఒకే గాటు. అసలు నాణెం సుత్తి దెబ్బతో ముద్రపడుతుంది, ఏ రెండింటికీ ఒకే చోట దెబ్బ తగలదు. ఇవన్నీ ఒకే నాణెం నుంచి మూస తీసి పోతపోసినవి.

"అన్నీ ఒకేలా ఉన్నాయండీ," అన్నాను.

"ఆయ్! క్వాలిటీ ఒకేలా ఉంటేనే కదండీ సరుకు మంచిదని. మా బస్తాలు కూడా అంతే."

బల్ల మీద ఫైళ్ళకు గుచ్చే గుండుసూది ఒకటి ఉంది. దాన్ని నాణెం దగ్గర పెట్టాను. టక్కున అతుక్కుంది. వెండికి ఇనుము అంటుకోదు. లోపల అయస్కాంతం పెట్టి పైన వెండి పూత పూశారు, గింజలకు ఇనుప పొడి పట్టించారు. "మీ మిల్లు బియ్యం ఏవైనా ఉన్నాయా అండీ?" అని అడిగాను. డ్రైవరును పంపి కారు డిక్కీలోంచి తెప్పించారు. ఆ గింజలు ఎంతసేపు చూసినా మర్యాదగా ఉన్నచోటే ఉన్నాయి.

వెంకటరత్నం గారి మొహం చూడలేకపోయాను. అయినా ఆయన్ను మెచ్చుకోవాలి. రెండు నిమిషాలు తల దించుకుని కూర్చుని, "సరేనండి, తెలిసింది కదా," అని లేచారు.

ఒప్పుకోనిది మా డైరెక్టరు గారు. ఆ నాణేలు మ్యూజియానికి విరాళంగా ఇస్తే, ఒక గదికి వెంకటరత్నం గారి తండ్రి పేరు పెట్టి మంత్రిగారితో రిబ్బను కత్తిరించడానికి ఆయన అప్పటికే ఏర్పాట్లు మొదలుపెట్టారు.

"నకిలీ అని ఎందుకయ్యా రాయడం? 'మరింత అధ్యయనానికి అర్హమైనవి' అని రాయండి," అన్నారు.

"గుండుసూది అంటుకుంటోంది సార్."

"సూది సంగతి రిపోర్టులో అక్కర్లేదు."

నేను నకిలీ అనే రాశాను. అందుకు నాకు ఒక మెమో వచ్చింది. ఇంతలో వెంకటరత్నం గారు స్వామీజీ మీద పోలీసులకు ఫిర్యాదు చేశారు, సంగతి పేపర్లకు ఎక్కింది. మర్నాడు పేపర్లో మా డైరెక్టరు గారి ఫోటో వచ్చింది. "వీటిని మేము మొదటి నుంచీ అనుమానిస్తూనే ఉన్నాం" అని ఆయన మాట. పక్కన నా ఫోటో, దాని కింద "కంటిచూపుతోనే నకిలీని పట్టేసే నిపుణుడు".

పట్టింది గుండుసూది. కానీ సూదికి ఎవరూ ఫోటో తియ్యరు. నేనూ దిద్దమని చెప్పలేదు. పైగా ఆ పేపరు ముక్కను లామినేషన్ చేయించాను.

నా దర్బారు

ఆ తరవాత సెలవులకు కొత్తపేట వస్తే చాలు, మా ఇంటి వరండాలో జనం. రుమాలు మూటలు, పసుపు డబ్బాలు, బిస్కట్ డబ్బాలు. వాటిలో పాత అణాలు, కాణీలు, గుళ్ళ దగ్గర అమ్మే రాముడి బొమ్మ బిళ్ళలు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు అక్కడి సంతల్లో కొన్న రకరకాల బిళ్ళలు తెచ్చేవారు.

నేను వాలుకుర్చీలో కూర్చునేవాణ్ణి. తక్కెడ మ్యూజియంలో ఉండిపోయింది. భూతద్దం లోపల గదిలో ఉండేది, లేచి తెచ్చుకోవడానికి బద్ధకం. "కంటిచూపుతోనే" అని పేపర్లో వేశాక భూతద్దం పట్టుకోవడం కొంచెం నామోషీగా కూడా ఉండేది. నాణెం చేతిలోకి తీసుకోవడం, ఒక జోకు వెయ్యడం, తిరిగి ఇచ్చెయ్యడం. జోకు పేలితే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. తెచ్చినవాళ్ళు కూడా నవ్వేవారు, వాళ్ళకు వేరే దారి లేక. నూటికి తొంభై తొమ్మిది నిజంగానే పనికిరానివి కావడం వల్ల నా తీర్పులన్నీ సరైనవే అయ్యేవి. అదే నన్ను పాడుచేసింది. ఎప్పుడూ "కాదు" అని చెప్పేవాడికి ఈ వృత్తిలో మంచి పేరు చాలా తేలిగ్గా వస్తుంది.

దేవుడు సెలూనుకు వెళ్ళొచ్చాడు

అలాంటి ఒక ఉదయం రాజోలు నుంచి సత్యవతి అనే ఆవిడ వచ్చింది. నలభై అయిదేళ్ళు ఉంటాయి. బహ్రెయిన్‌లో ఒక ఇంట్లో తొమ్మిదేళ్ళు పనిచేసి ఆ ఏడాదే తిరిగి వచ్చిందట. మంచం పట్టిన ముసలావిడను చూసుకునే పని. ఒంటరిగా వచ్చింది. జాకెట్టులోంచి చిన్న పర్సు తీసి, పర్సులోంచి దూది చుట్ట తీసి, దూదిలోంచి నాణెం తీసింది.

"మా మామా ఇచ్చేరండి," అంది. అక్కడ పనిచేసినవాళ్ళు ఇంటి పెద్దావిడను మామా అంటారు. "వాళ్ళ అమ్మమ్మదంటండి. ఖర్జూరం తోటలో కాలవ తవ్వుతుంటే దొరికిందంట. ఆవిడ మెళ్ళో ఎప్పుడూ ఉండేది. నేను వచ్చేసేటప్పుడు తీసి నా చేతిలో పెట్టేరు. కూతురికి కూడా ఇవ్వలేదండి."

చూశాను. అలెగ్జాండరు నాణెమే, కానీ ఏదో పల్లెటూరి బొమ్మలాగా ఉంది. సింహం తోలు గీతలు మొరటుగా ఉన్నాయి. వెనకవైపు దేవుడికి గడ్డం లేదు. చేతి మీద గద్ద కోడిపెట్టలా ఉంది. అలెగ్జాండరు పేరు ఉండాల్సిన చోట పేరు లేదు, పాము మెలికలాంటి ఒకే ఒక్క అక్షరం ఉంది. పైన గొలుసుకు వేసుకోవడానికి ఒక కొక్కెం అతికించి ఉంది.

వరండాలో ఆరేడుగురు ఉన్నారు. నాకు జోకు తట్టింది.

"ఈ దేవుడికి గడ్డం ఉండాలమ్మా. మీ దేవుడు సెలూనుకు వెళ్ళొచ్చినట్టున్నాడు. వచ్చేటప్పుడు సాయంత్రం కూరకు కోడిని కూడా పట్టుకొచ్చాడు."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"అంటే ఏంటండి?"

"నకిలీదమ్మా. అక్కడి బజార్లలో టూరిస్టులకు అమ్ముతారు. నిన్న మొన్నటి సరుకు."

"మామా అబద్ధం ఆడరండి."

"ఆవిడ అబద్ధం ఆడిందో, ఆవిడకే ఎవరైనా అంటగట్టారో నాకెలా తెలుస్తుంది? నాణెం మాత్రం అబద్ధం."

ఆవిడ దూది మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. నాకు కాస్త జాలి వేసింది. నా జాలి కూడా నిపుణుడి జాలే. "వెండి మాత్రం మంచిదేనమ్మా," అన్నాను. "కరిగించి ఏదైనా చేయించుకోండి. అలాగైనా పనికొస్తుంది."

"ఆయ్," అని దండం పెట్టి వెళ్ళిపోయింది.

తూచలేదు. అంచు చూడలేదు. అచ్చు తియ్యలేదు. జేబులో ఫోను ఉండి ఒక ఫోటో అయినా తియ్యలేదు. వెండి మంచిదని నేనే అన్నాను కదా, టూరిస్టులకు అమ్మే బిళ్ళలో అంత మంచి వెండి ఎందుకు పోస్తారన్న ప్రశ్న కూడా నాకు తట్టలేదు. ఆ నాణెం అసలుదైతే ఆ దేశం దాటి రావచ్చా అన్నది ఇంకో ప్రశ్న. నకిలీ అనుకున్నవాడికి అదీ రాదు. నాకు జోకు పేలింది, అది చాలు.

బహుమతిగా వచ్చిన పుస్తకం

రెండేళ్ళ తరవాత, రిటైర్మెంటుకు ఎనిమిది నెలల ముందు, గల్ఫ్‌లోని ఒక మ్యూజియం వాళ్ళు మా లైబ్రరీకి ఒక పెద్ద బొమ్మల పుస్తకం పంపించారు. మధ్యాహ్నం భోజనం చేసి ఊరికే తిరగేస్తున్నాను. ఒక పేజీలో చెయ్యి ఆగిపోయింది.

మొరటు సింహం తోలు. గడ్డం లేని దేవుడు. కోడిలాంటి గద్ద. పేరు ఉండాల్సిన చోట మెలిక తిరిగిన ఒకే ఒక్క అక్షరం.

కింద వివరం చదివాను. అలెగ్జాండరు నాణేన్ని నమ్మిన అరబ్బు వర్తకులు, అది సరిపడా దొరక్క, తమ తీరంలో తామే ముద్రించుకున్నవట. జ్యూస్ ఎవరో వాళ్ళకు తెలియదు, కూర్చున్నది తమ దేవుడనుకుని, పక్కన తమ దేవుడి పేరులోని అక్షరం పెట్టుకున్నారని కొందరు పండితుల ఊహ. రెండు వేల రెండు వందల ఏళ్ళ నాటి వెండి. మా బీరువాలోని పదిహేడు నాణేల కంటే అరుదైనది.

నేను చదివిన నాలుగు పుస్తకాలూ గ్రీకుల గురించి గ్రీకుల వైపు నుంచి రాసినవి. వాటిలో ఈ నాణేల గురించి ఒక పేరాగ్రాఫు ఉంది. అది కూడా నేను చదివిందే, కింద గీత గీసి మరీ.

అక్కడితో కథ ముగిస్తే నేను కాస్త మర్యాదస్తుడిలా కనిపిస్తాను. నిజం ఏమిటంటే, ఆ ఎనిమిది నెలలూ నేను ఏమీ చెయ్యలేదు. కొత్తపేట నుంచి రాజోలు ఎంత దూరం? అమలాపురంలో బస్సు మారితే పూట పని. వెళ్ళలేదు. "ఆవిడ ఆ నాణెం ఎక్కడో దాచుకునే ఉంటుంది, నష్టమేముంది?" అనుకున్నాను. "అది వేరే నాణెమేమో, నాకు సరిగ్గా గుర్తులేదేమో" అని కూడా అనుకున్నాను. ఇతరుల నాణేల విషయంలో రెండు నిమిషాల్లో తీర్పు చెప్పినవాణ్ణి, నా తప్పు విషయంలో ఎంతో జాగ్రత్తగా, తొందరపడకుండా, మరింత అధ్యయనానికి అర్హమైనదిగా చూసుకున్నాను. మా డైరెక్టరు గారిని ఇంత సేపు వెక్కిరించాను కదా, ఆయనకూ నాకూ ఉన్న తేడా ఎంతో మీరే చెప్పండి.

రిటైరయ్యాక, సన్మానంలో కప్పిన శాలువాల్ని బీరువాలో పెడుతుంటే లామినేషన్ చేయించిన పేపరు ముక్క బయటపడింది. దాన్ని చూశాక ఇక ఉండలేకపోయాను. ఆ వారమే బస్సెక్కాను.

రాజోలులో

సత్యవతి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. భర్త నాగేశ్వరరావు ఆటో నడుపుతాడు, స్టాండులో అడిగితే తనే ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. నేనెవరో దారిలో చెప్పాను. ఇంటి ముందు ఆపి, "సత్తివతీ, కొత్తపేట నాణేలాయన వచ్చేరు," అని కేకేశాడు. అద్దంలో నా వైపు ఒకసారి చూసి, ఆటో దిగకుండా అక్కడే కూర్చున్నాడు.

ఆవిడ కుర్చీ వేసింది. టీ పెట్టింది. ఎందుకొచ్చారని అడగలేదు.

"ఆ నాణెం ఉందామ్మా?" అన్నాను.

"లేదండి. మీరు చెప్పేరుగా. కరిగించేసేను." తన పాదాల వైపు చూపించింది. "మట్టెలు చేయించుకున్నానండి. రెండు జతలు వచ్చేయి. కంసాలి కూడా ఇంత మెత్తటి వెండి ఈమధ్య చూడలేదన్నాడు."

ఆవిడ కాలి వేళ్ళ వైపు చూశాను. ఎక్కడో తీరంలో ముద్రపడి, ఖర్జూరం తోటలో పూడిపోయి, ముగ్గురు ఆడవాళ్ళ మెడలో తిరిగి వచ్చిన వెండి. రెండు వేల రెండు వందల ఏళ్ళు ఎవరి చేతిలోనూ చెడలేదు.

చెప్పాను. పుస్తకంలోని పేజీకి తీసిన ఫోటో ఫోనులో చూపించాను. ఆవిడ ఫోను తీసుకుని చాలాసేపు చూసింది. గడ్డం లేని దేవుడి మీద బొటనవేలు పెట్టింది.

"ఇదే," అంది.

నాగేశ్వరరావు ఎప్పుడు దిగాడో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "ఎంత చేసేదండీ?" అని అడగబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడు. అతనే నెమ్మదిగా మిగతాది చెప్పాడు.

"మీ దగ్గర్నుంచి వచ్చేక ఇంటిల్లిపాదీ నవ్వేమండి దీన్ని. నేనూ నవ్వేను. తొమ్మిదేళ్ళు మంచం మీద సేవ చేస్తే ముసలిది నకిలీ బిళ్ళ ఇచ్చి పంపిందని. ఆ మామా ప్రతి శుక్రవారం వీడియో కాల్ చేసేదండి. ఇది ఎత్తడం మానేసింది."

"మీరు ఊరుకోండి," అంది సత్యవతి.

"చెప్పనీ. ఆవిడ కూతురు మెసేజిలు పెట్టిందండి, అమ్మ అడుగుతోంది, సత్తివతికి ఏమైంది, ఒంట్లో బాగాలేదా అని. ఇది జవాబివ్వలేదు. నిరుడు రంజాను నెలలో పోయిందంటండి ముసలావిడ."

నేను ఒక నాణెం విషయంలో తప్పు చేశాననుకుని బస్సెక్కాను. నాణెం సంగతి అక్కడ అందరికంటే నాకే ఎక్కువ పట్టింది.

సత్యవతి లోపలికి వెళ్ళి తన ఫోను తెచ్చింది. ఆ కూతురు ఎప్పుడో పంపిన ఫోటో ఒకటి చూపించింది. నలుపు తెలుపు ఫోటోకు తీసిన ఫోటో. పదిహేడు పద్దెనిమిదేళ్ళ పిల్ల, మామాయే, వయసులో ఉన్నప్పుడు, నవ్వుతూ నిలబడింది. మెళ్ళో కొక్కెంతో వేలాడుతున్న నాణెం. అంటే అరవై ఏళ్ళ నాడే అది ఆ మెడలో ఉంది. నేను "నిన్న మొన్నటి సరుకు" అన్నది.

"ఈ ఫోటో నేను మీ దగ్గరికి వచ్చిన రోజు కూడా ఫోనులో ఉందండి," అంది. "మీరు అడగలేదు."

నిజమే. ఎక్కడిది, ఎన్నాళ్ళుగా ఉంది, ఎవరి దగ్గర ఉండేది అని అడగడం మా వృత్తిలో మొదటి పాఠానికి కూడా ముందు పాఠం. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఫరవాలేదు. తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి, మొత్తం చెప్పనివ్వండి.

"నేను ఏం చెయ్యగలనమ్మా?" అన్నాను. ఆ మాట అనడానికి సిగ్గేసింది.

ఆవిడ ఆలోచించింది. "కూతురికి చెప్పండి. వాళ్ళ అమ్మ నన్ను మోసం చెయ్యలేదని మీ నోటితో చెప్పండి. నేనెందుకు ఫోను ఎత్తలేదో ఆవిడకి తెలీదు."

"నాకు అరబ్బీ రాదమ్మా."

"నాకు వచ్చండి. మీరు తెలుగులో చెప్పండి, నేను చెబుతాను."

ఏడో తరగతి చదివిన మనిషి, నేను జన్మలో ఒక్క ముక్క నేర్చుకోని భాషలోకి నన్ను అనువదించడానికి ఫోను పట్టుకుని కూర్చుంది. నేను గొంతు సవరించుకున్నాను. నలభై ఏళ్ళు రిపోర్టులు రాసిన అలవాటు. "ఆ నాణెం అసలైనదేనని, పరిశీలనలో పొరపాటు జరిగిందని చెప్పండి," అన్నాను.

ఆవిడ ఫోను దించింది.

"పొరపాటు జరిగిందంటే ఎవరిదో తెలీదు కదండీ. పరిశీలన ఎక్కడ జరిగింది? మీరు చూడలేదు."

నాగేశ్వరరావు నేల చూపులు చూస్తున్నాడు. నేను మళ్ళీ చెప్పాను. "నేను దాన్ని సరిగ్గా చూడలేదు. చూడకుండానే నకిలీ అన్నాను. అందరి ముందూ ఎగతాళి చేశాను. మీ అమ్మగారు ఇచ్చింది అసలైనది. ఇలా చెప్పండి."

ఆవిడ వాయిస్ మెసేజి బటను నొక్కి మాట్లాడడం మొదలుపెట్టింది. వరండాలో నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి కాదు. గలగలా, ఎక్కడా తడుముకోకుండా, ఆ ఇంట్లో పుట్టినదానిలా మాట్లాడింది. ఒకచోట ఆగింది, మళ్ళీ అందుకుంది. మూడు నిమిషాలు దాటింది. పంపించి, ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"నేను అంత చెప్పలేదే అమ్మా?" అన్నాను.

"మీరు చెప్పింది రెండు ముక్కలేనండి. మిగతాది నాది."

బస్సు వేళ అవుతోంది గానీ లేవలేకపోయాను. కాసేపటికి ఆవిడ ఒళ్ళో ఫోను మోగింది. జవాబు. అవతలి నుంచి ఒక ఆడ గొంతు, నెమ్మదిగా, మధ్య మధ్యలో ఆగుతూ మాట్లాడింది. సత్యవతి ఫోను చెవికి ఆనించుకుని విన్నది. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి విన్నది. కొంగుతో మొహం తుడుచుకుంది.

నేను ఆగలేకపోయాను. "ఏమన్నారమ్మా?"

ఆవిడ నా వైపు చూసింది. కోపం లేదు, చనువూ లేదు.

"అది మీకు కాదండీ," అంది. "టీ తాగండి, చల్లారిపోతోంది."